లష్కర్ ఇంగ్లీషు, లాల్‌దర్వాజా ఇంగ్లీషు



ఆషాఢం వస్తే మన జంటనగరాల్లో బోనాలకు ఒక వరస ఉంటుంది. ముందు గోల్కొండ, తరువాత లష్కర్, ఆ తరువాత లాల్‌దర్వాజా. లష్కర్ అంటే సికింద్రాబాదు. ఇంగ్లీషువాళ్ల దండు దిగిన చోటు కనుక జనం ఆ పేరు పెట్టుకున్నారు. అక్కడి ఉజ్జయిని మహంకాళి కథలో వచ్చే సురిటి అప్పయ్య కూడా ఆ దండులో డోలీ మోసినవాడే, 1813 నాటి మాట. లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి కథ ఎత్తితే పెద్దవాళ్లు 1908 మూసీ వరద గురించి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మొక్కు గురించి చెబుతారు. ఒక గుడి కథలో ఈస్టిండియా కంపెనీ దండు, ఇంకో గుడి కథలో నిజాం దొర. రెండు పేటల మధ్య పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది అమ్మవార్ల గురించి కాదు. ఈ రెండు పేటల్లో రెండు రకాలుగా పెరిగిన ఇంగ్లీషు గురించి, అవి ఒకదాన్నొకటి ఎట్లా మార్చాయన్న దాని గురించి.

సికింద్రాబాదు ఇంగ్లీషు దొరలది, వాళ్ల క్లబ్బులది, లాలాగూడ రైల్వే క్వార్టర్లలోని ఆంగ్లో ఇండియన్లది. ఇంట్లో పుట్టి, వంటింట్లో, పెరట్లో పెరిగిన ఇంగ్లీషు అది. లాల్‌దర్వాజా ఇంగ్లీషుకు ఆ యోగం లేదు. దరఖాస్తులోనో, దుకాణం బోర్డు మీదో, పాఠ్యపుస్తకంలోనో అది పరిచయమయ్యింది. అయినా దానికీ ఒక యాస వచ్చింది, వ్యాకరణం వచ్చింది, బయటి దేశాలకు పోయి వచ్చే బంధుబలగం కూడా వచ్చింది.

రెండు ఇంగ్లీషులు ఎదురుపడితే ఏది దేన్ని మారుస్తుంది? చదువు ఎక్కువున్నది తక్కువున్న దాన్ని దిద్దుతుందని మనకొక నమ్మకం. నాకు మాత్రం అట్లా కనబడలేదు. ఎవరికి ఎవరితో పని పడిందన్నదే అసలు సంగతి. పని పడినవాడి నాలుక వంగుతుంది.

1798ని తీసుకోండి. అప్పటికి నిజాం సైన్యంలో పలుకుబడి ఫ్రెంచివాళ్లది. రేమండ్ అనే వాళ్ల సేనాని మన జనం నోట మూసా రహీం అయ్యాడు, మూసారాంబాగ్ పేరులో ఇప్పటికీ ఉన్నాడు. ఆ ఏడే ఆయన పోయాడు, ఆ ఏడే కంపెనీతో ఒప్పందం కుదిరింది, ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. కథ అటు తిరిగి ఉంటే ఇవాళ మన పిల్లలు ఫ్రెంచి మీడియం బడికి ఫీజులు కట్టేవారేమో, ఎవరు చూశారు! ఆ పని చక్కబెట్టిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఫార్సీ, హిందుస్తానీ మాట్లాడేవాడు. మొగలాయీ దుస్తులు తొడిగేవాడు. హైదరాబాదు ఖాందాన్ పిల్ల ఖైరున్నిసాను పెళ్లాడాడు. అప్పుడు పని పడింది ఇంగ్లీషువాడికి, కాబట్టి వంగింది అతని నాలుక. మూడు తరాలు తిరిగేసరికి బాలుడైన ఆరో నిజాంకు చదువు చెప్పడానికి కెప్టెన్ జాన్ క్లర్క్ అనే దొరను పెట్టవలసి వచ్చింది.

జనం మాత్రం దర్బారు కోసం ఆగలేదు. లాల్‌దర్వాజా నుంచి దక్షిణంగా చాంద్రాయణగుట్ట వైపు పోతే బార్కస్ వస్తుంది. నిజాం కొలువులో ఉన్న అరబ్బు సిపాయిల బారక్స్ అక్కడ ఉండేవి. యెమెన్ నుంచి వచ్చినవాళ్లు, ఉర్దూ మాట్లాడే ఊళ్లో, ఒక ఇంగ్లీషు మాటను తమ నోటికి వచ్చినట్టు తిప్పితే పేటకు పేరు స్థిరపడింది. ఇప్పుడక్కడ జామపళ్లు కొనుక్కునేవాళ్లకు అది ఇంగ్లీషు మాట అని చెబితే నవ్వుతారు.

ఇక మన గల్లీ యాస సంగతి. లాల్‌దర్వాజాలో ఒకే బడికి రెండు పేర్లు వినిపిస్తాయి. ఉర్దూ ఇంట్లో ‘ఇస్కూల్’, తెలుగు ఇంట్లో ‘స్కూలు’. ఉర్దూ నోటికి మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం కష్టం, అందుకని ముందొక ఇకారం మెట్టు వేసుకుంటుంది. తెలుగు నోటికి మాట హల్లు మీద ఆగిపోవడం ఇష్టముండదు, అందుకని చివర ఒక ఉకారం చేర్చుకుంటుంది. ఒకరు ముందర కలిపారు, ఒకరు వెనక కలిపారు. పక్కపక్క ఇళ్ల పిల్లలు కలిసి ఆడుకుంటారు కనుక ఈ హద్దు కూడా గట్టిగా నిలవదు. ఉర్దూ వాళ్లకు పళ్ల మధ్యనుంచి గాలి వదిలే ఒక ‘జ’ ఉంది, అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చింది. ఇంగ్లీషులో జీరోకు, జూకు కావలసింది అదే. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. దర్వాజా అన్న పేరులోనే ఆ ధ్వని ఉంది. మేము రాసేటప్పుడు దాన్ని వదిలేస్తాం గాని, రోజూ ఉర్దూ చెవిన పడే మా పేట పిల్లలు పలికేటప్పుడు వదలరు. కోస్తా నుంచి వచ్చిన మిత్రుడొకడు ‘మీవాడు కాన్వెంటులో చదివాడా, జీరో అంత శుభ్రంగా అంటున్నాడు’ అని అడిగాడు. కాన్వెంటు కాదు బాబూ, పక్కింటి చిచ్చా దగ్గర నేర్చాడు అని చెప్పాను.

వ్యాకరణంలోకి వస్తే సంగతి ఇంకా బాగుంటుంది. ‘అయామ్ హియర్ ఓన్లీ’ అనే వాక్యాన్ని చూసి నవ్వనివాళ్లు లేరు. తెలుగువాడు ‘ఇక్కడ’కు ఒక ఏకారం తగిలించి ‘ఇక్కడే ఉన్నా’ అంటాడు. దక్కనీ, అంటే ఈ ఊరి ఉర్దూ, మాట్లాడేవాడు చివర ఒక ‘చ్’ తగిలిస్తాడు. ‘యహీంచ్ హూఁ’, ‘అభీచ్ ఆయా’. ఆ చకారం మరాఠీ నుంచి దక్కనీలోకి వచ్చిందంటారు. నొక్కి చెప్పే పని ఒకటే, మూడు భాషల్లోనూ దానికొక తోక ఉంది. ఈ మూడు భాషలవాళ్లు ఇంగ్లీషు మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ తోకకు బదులు ‘ఓన్లీ’ దొరికింది. దీన్ని తప్పు అనడం సులువు. నాకైతే అది ఒప్పందంలా కనిపిస్తుంది. ఎందుకంటే ఈ ఊళ్లో భాషలు ఇట్లా సర్దుకోవడం ఇంగ్లీషు రాకముందే నేర్చాయి. ‘వస్తా అని చెప్పిండు’ అన్న దానికి దక్కనీలో ‘ఆతూఁ బోల్కే బోలా’ అంటారు. ఆ ‘బోల్కే’ చేసే పని అచ్చంగా మన ‘అని’ చేసే పనే. ఢిల్లీ ఉర్దూకు ఆ అలవాటు లేదు. దక్కనీని తెలుగు మార్చింది, తెలంగాణ తెలుగును దక్కనీ మార్చింది, ఆ రెండూ కలిసి ఇంగ్లీషును మార్చాయి.

దేశంలోపలే ఎన్ని ఇంగ్లీషులున్నాయో ఒక్క పరీక్ష రోజు చూస్తే తెలుస్తుంది. మన పిల్లవాడు హాల్ టికెట్ మరిచిపోయి ఇంటికి పరుగెత్తుతాడు. ఉత్తరాది పిల్లవాడు మరిచిపోయేది అడ్మిట్ కార్డు. మనకు పెట్రోల్ బంకు, వాళ్లకు పెట్రోల్ పంపు. కిరాణా కొట్టులో ‘కవర్ ఇయ్యి అన్నా’ అంటే ప్లాస్టిక్ సంచి. లండన్‌లో అదే మాట అంటే ఉత్తరం పెట్టుకునేదో, పుస్తకానికి వేసుకునేదో ఇస్తారు.

చదువుకున్నవాళ్ల ఇంగ్లీషు ఏమయ్యిందో చెప్పాలంటే మూసీ దాటాలి. నిజాం కాలేజీని తీర్చిదిద్దిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయ కూతురు సరోజిని, 1879లో ఈ ఊళ్లోనే పుట్టింది. పదహారో ఏట నిజాం ఇచ్చిన విద్యార్థివేతనంతో ఇంగ్లండ్ వెళ్లింది. అక్కడ ఎడ్మండ్ గోస్ అనే విమర్శకుడికి తన పద్యాలు చూపిస్తే, అవి ఇంగ్లండ్ పక్షులు, ఇంగ్లండ్ తోటలతో నిండి ఉన్నాయని, నీ దేశాన్ని రాయమని ఆయన సలహా ఇచ్చాడు. 1905లో వచ్చిన ‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’ ఆ సలహా తరువాతి పుస్తకం. ఆబిడ్స్‌లోని వాళ్ల ఇంటికి కూడా అదే పేరు. సలహా మంచిదే, కాదనను. కాని మన దేశాన్ని రాయమన్నవాడు కూడా లండన్‌వాడే కదా. గాజులమ్మేవాళ్లు, పల్లకి మోసేవాళ్లు అక్కడి పాఠకుడికి ఎంత ముచ్చటగా కనబడాలో అంత ముచ్చటగానే ఆమె పద్యాల్లో కనబడతారు. అదే నిజాం కాలేజీలో చదివిన రాజారావు 1938లో ‘కాంతాపుర’ నవల రాసినప్పుడు ఇంకో అడుగు వేశాడు. మన బతుకు నడకే ఇంగ్లీషు వాక్యానికి రావాలని ముందుమాటలో చెప్పి, పల్లెటూరి ముసలమ్మ కథ చెప్పినట్టు ఊపిరాడకుండా సాగే వాక్యాలు రాశాడు. సరోజిని విషయాన్ని మారిస్తే, రాజారావు వాక్యాన్ని మార్చాడు. లాల్‌దర్వాజా అంగట్లో జనం ఆ పని ముందునుంచే చేస్తున్నారు, పుస్తకం వేయలేదంతే.

తరువాత దిద్దుబాటు కాలం వచ్చింది. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెప్పింది, ఇంగ్లీషును తప్పనిసరి సబ్జెక్టుగా మాత్రం ఉంచుకుంది. 1948 తరువాత బోధనే ఇంగ్లీషులోకి మారింది. 1958లో కేంద్ర ప్రభుత్వం ఇంగ్లీషు సంస్థను ఈ ఊళ్లోనే పెట్టింది. సీఫెల్ అంటే పాతవాళ్లకు తెలుస్తుంది, ఇప్పుడది ఇఫ్లూ. అక్కడ ఆర్.కె. బన్సల్ అనే ఆచార్యుడు మన ఇంగ్లీషు పైదేశాలవాళ్లకు ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి 1969లో పుస్తకం వేశాడు. మనం ట, డ మరీ గట్టిగా పలుకుతామనే కదా అందరి దిగులు. ఎదుటివాడికి అర్థం కాకుండా చేసేవాటిలో పెద్దది అది కాదని తేలింది. మాటలో ఏ భాగం మీద ఊనిక వేయాలో అక్కడ వేయకపోవడమే పెద్ద చిక్కు. మన భాషల్లో అన్ని అక్షరాలకూ సమానంగా మర్యాద చేస్తాం. ఇంగ్లీషు ఒక అక్షరాన్ని పల్లకి ఎక్కించి తక్కినవాటిని నడిపిస్తుంది.

రేడియోలో మాట్లాడుతూ రేడియో పాపం చెప్పకపోతే బాగుండదు. బీబీసీ 1926లోనే ఏది సరైన ఉచ్చారణో తేల్చడానికి ఒక సంఘం వేసింది. చాలాకాలం దాని గొంతు దక్షిణ ఇంగ్లండ్ చదువుకున్నవాళ్ల గొంతే. 1941లో యుద్ధం నడుమ యార్క్‌షైర్ యాస ఉన్న విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత వార్తలు చదివించారు. శత్రువు ఆ యాసను అనుకరించలేడని కూడా ఒక ఆలోచన ఉండిందంటారు. శ్రోతలు కొందరు ఆ గొంతులో వార్త వింటే నమ్మబుద్ధి కావడం లేదని గోల చేశారు. ఇంగ్లండ్‌వాడి యాసనే ఇంగ్లండ్‌వాడు నమ్మలేదు. మన యాస గురించి మనం ఎందుకింత కుంగిపోవాలి చెప్పండి.

1970ల్లో పాతబస్తీకి కొత్త ఇంగ్లీషు వచ్చింది. అది లండన్‌ది కాదు, అమెరికాది కాదు, గల్ఫ్‌ది. చమురు డబ్బు పెరిగాక మా వైపు నుంచి డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, మేస్త్రీలు కువైట్, దుబాయి, జెద్దా పోయారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఇంకా ఎక్కువమంది పోయారు. అక్కడ సూపర్‌వైజరు మలయాళీ, నర్సు ఫిలిప్పీన్స్ అమ్మాయి, పక్క మంచం పఠాన్, యజమాని అరబ్బు. ఎవరి ఇంగ్లీషూ ఎవరికీ పూర్తిగా అందదు, కాని పని ఆగకూడదు. అందరి దగ్గరా ఉన్న కొన్ని మాటలు పోగేసి, క్రియలకు కాలాలు తీసేసి, ‘సేమ్ సేమ్’, ‘నో ప్రాబ్లమ్’, ‘టుమారో డ్యూటీ’ అని గడిపేసుకున్నారు. దొరలెవరూ లేరు కనుక దిద్దేవాడూ లేడు. తిరిగొచ్చేటప్పుడు అకామా, కఫీల్, ఖల్లీవల్లీ లాంటి మాటలు పెట్టెల్లో వచ్చాయి. ‘మాఫీ ముష్కిల్’ అని కొత్తగా విన్న హైదరాబాదీ, క్షమాపణ ఎందుకు అడుగుతున్నాడని ఆశ్చర్యపోతాడు. మనకు మాఫీ అంటే క్షమ, అక్కడ మాఫీ అంటే లేదు. కష్టమేమీ లేదని ఆయన చెబుతున్నాడు. పండితులు గల్ఫ్ ఇంగ్లీషు మీద ఎక్కువ పుస్తకాలు రాస్తే బాగుండును. మన జిల్లాల బతుకులో దాని వాటా చిన్నది కాదు.

ఆ తరువాతి మజిలీ అందరికీ తెలిసిందే. 1998 నవంబరులో హైటెక్ సిటీ మొదలయ్యింది. అదే ఏడు నగేష్ కుకునూర్ ‘హైదరాబాద్ బ్లూస్’ వచ్చింది, అమెరికా నుంచి తిరిగొచ్చినవాడి నోటిని, ఊరి నోటిని ఒకే తెర మీద పెట్టింది. 2006లో ‘ది అంగ్రేజ్’ వచ్చేసరికి పాతబస్తీవాళ్లు ఎన్నారై యాసను చార్మినార్ దగ్గర నిలబెట్టి ఆడుకున్నారు. నవ్వేవాడు, నవ్వు పుట్టించేవాడు చోట్లు మార్చుకున్నారు. ఈలోగా కాల్‌సెంటర్లలో శిక్షణ మొదలయ్యింది. మన యాసకు మాతృభాష ప్రభావం అని పేరు పెట్టారు, పొట్టిగా ఎంటీఐ. ఏదో జబ్బు పేరులా లేదూ? అది పోగొట్టి న్యూట్రల్ యాస నేర్పుతామన్నారు. న్యూట్రల్ యాస ఏ ఊళ్లో మాట్లాడతారని అడిగితే జవాబు లేదు. డబ్బు చెల్లించే ఖాతాదారుడికి ఇబ్బంది కలగనిదే న్యూట్రల్. రాత్రి షిఫ్టులో టెక్సస్‌వాడితో మాట్లాడి, పొద్దున కంపెనీ బండి దిగి, సందు చివర ‘రెండు ఇడ్లీ కవర్ల పెట్టు అన్నా’ అనే పిల్లలు మా పేటలోనూ ఉన్నారు. వాళ్లకు రెండు ఇంగ్లీషులు వచ్చు, ఎక్కడ ఏది వాడాలో కూడా వచ్చు.

అయితే మనమొక్కరమే వంగామా? కాదు. జట్టులో పదిమంది తెలుగువాళ్లుంటే అమెరికా మేనేజరు కూడా మీటింగును ‘ప్రీపోన్’ చేయడం నేర్చుకుంటాడు. ఆ మాట మన దేశపు తప్పని చాలామంది అనుకుంటారు. 1913లో న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు ఉత్తరం రాస్తూ ఆ మాటను తాను పుట్టిస్తున్నానని ప్రకటించాడు. అక్కడ అది మొలకెత్తలేదు. మన ఆఫీసుల్లో ఏపుగా పెరిగి, సాఫ్ట్‌వేరు వాళ్లతో మళ్లీ అక్కడికి పోయింది. ‘డూ ద నీడ్‌ఫుల్’ కథా అలాంటిదే. ఇంగ్లండ్ గుమాస్తాలు వాడి వదిలేసినదాన్ని మన గుమాస్తాలు భద్రంగా దాచి, ఈమెయిళ్లలో తిరిగి అప్పజెప్పారు.

వీటన్నిటికన్నా దూరం తిరిగింది మన పందికొక్కు. తెలుగు నేల మీద దొరలు దాన్ని చూసి బాండికూట్ అన్నారు. 18వ శతాబ్దం చివరికి ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడి ఒక సంచి జంతువు ఇలాగే ఉందని అదే పేరు పెట్టారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. 1996లో అమెరికా కంపెనీ ఒకటి ఆ ఆస్ట్రేలియా జంతువును క్రాష్ బాండికూట్ పేరుతో వీడియో గేమ్‌లో ఎగిరించింది. తెలుగు నోటి నుంచి మద్రాసు ఇంగ్లీషులోకి, అక్కడినుంచి ఆస్ట్రేలియా ఇంగ్లీషులోకి, ఆపైన అమెరికా బొమ్మలోకి పోయి, చివరికి మన పిల్లల చేతికి వచ్చింది. వంటింట్లో కర్ర పట్టుకుని పందికొక్కును తరిమే అమ్మకు, హాల్లో బాండికూట్‌ను పరిగెత్తించే కొడుక్కి ఈ సంబంధం తెలియదు.

2017 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సుమారు 70 భారతీయ మాటలను చేర్చుకుంది. అందులో ‘అన్న’ ఉంది, ‘అబ్బా’ ఉంది. అబ్బా అంటే ఉర్దూలో నాన్న. లాల్‌దర్వాజాలో ఒక గోడకు అటూ ఇటూ వినిపించే ఈ రెండు పిలుపులూ ఒకే విడతలో ఆక్స్‌ఫర్డ్ చేరాయి.

అన్ని కథలూ ఇంత ముచ్చటగా ఉండవు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. అప్పటినుంచి అర్ధ శతాబ్దం పాటు నటాల్ చెరకు తోటలకు పోయినవాళ్లలో తెలుగువాళ్లు వేలమంది. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇంగ్లీషునే ఇంటిభాష చేసుకున్నారు. రాజేంద్ మేస్త్రీ అనే భాషావేత్త 1992లో ఆ ఇంగ్లీషు మీద పుస్తకం రాశాడు. భారతీయ భాషల వాక్యపు తీరు ఆ ఇంగ్లీషులో ఎక్కడెక్కడ మిగిలిందో అందులో చూపించాడు. భాష పోయింది, దాని నడక మిగిలింది. అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని లెక్కలు వచ్చినప్పుడు మనవాళ్లు పండగ చేసుకున్నారు. నేను మాత్రం డర్బన్‌ను తలుచుకున్నాను. డాలస్ పిల్లల పిల్లలు ఏ భాషలో కలహించుకుంటారో అప్పుడే చెప్పలేం.

ఇప్పుడు దావో నగరంలో వైద్యం చదివే తెలుగు పిల్లలు ఫిలిప్పీన్స్ ఇంగ్లీషు పట్టుకొస్తున్నారు. మరుగుదొడ్డిని ‘సీఆర్’ అంటారు అక్కడ, కంఫర్ట్ రూమ్ అని. రేపు మన ఆసుపత్రుల్లో ఆ మాట వినబడినా వింత లేదు.

చివరిగా ఒక వార్త. 2025లో ఒక పెద్ద కాల్‌సెంటర్ సంస్థ, టెలిపెర్ఫార్మెన్స్, భారతదేశంలోని తన ఉద్యోగుల యాసను ఫోను నడుస్తుండగానే మార్చే సాఫ్ట్‌వేరు వాడతామని ప్రకటించింది. దాన్ని తయారుచేసింది సనాస్ అనే అమెరికా కంపెనీ. అమ్మాయి మాట్లాడేది మన ఇంగ్లీషే, అవతలివాడి చెవిలో పడేది అతనికి అలవాటైన ఇంగ్లీషు. నాలుక వంచే పని యంత్రానికి పోయింది. మా పేట పిల్లలకు ఒక శ్రమ తగ్గుతుంది, మంచిదే, ఒక నేర్పు కూడా పోతుంది. ఆ వార్త చదివి మా వీధిలో కాల్‌సెంటరులో పనిచేసే అమ్మాయిని అభిప్రాయం అడిగాను. ‘నా మాట వాళ్లకు అర్థమయ్యేట్టు చేస్తరు సరే అంకుల్, వాళ్ల మాట నాకర్థమయ్యేట్టు చేసేది ఎప్పుడొస్తది? వాళ్లే కదా సగం మాట మింగేది’ అంది.